పీరు శాసనసభకు వెళ్లినప్పుడు: నాయకత్వం, ఆధ్యాత్మికతలపై ఒక సంవాదం

క్రీ.శ. 632లో ముహమ్మద్ ప్రవక్త కన్నుమూసిన రోజే, ఖననం ఇంకా జరగకముందే, మదీనాలోని బనూ సాయిదా తెగవారి పందిరి కింద ఆయన తర్వాత సమాజానికి పెద్ద ఎవరన్న చర్చ మొదలైంది. అబూబకర్‌ను ఖలీఫాగా, అంటే ప్రవక్త తర్వాత సమాజ భారాన్ని మోసే ఉత్తరాధికారిగా, అంగీకరించడంతో ఆ పూటకు సభ ముగిసింది గాని చర్చ ముగియలేదు. ప్రవక్త ఒక్కరిలోనే కలిసి ఉన్న రెండు అధికారాలు, జనాన్ని పాలించేదీ మనసులను శుద్ధి చేసేదీ, ఆయన తర్వాత కూడా ఒకే మనిషిలో ఉండాలా, విడిపోవచ్చా అన్నదే దాని మూలం. సున్నీ ధర్మశాస్త్రజ్ఞుడు మావర్దీ (మరణం 1058) పాలకుని పదవిని సమాజానికీ పాలకునికీ మధ్య కుదిరే ఒప్పందంగా వివరించాడు. షియాలు ఆ రెండు అధికారాలూ ప్రవక్త వంశంలోని ఇమాములకే చెందుతాయన్నారు. సూఫీలలో చాలామంది పాలనను సుల్తానులకు వదిలి, లోపలి అధికారమైన విలాయత్‌ను, అనగా దైవసాన్నిధ్యం వల్ల కలిగే పెద్దరికాన్ని, గురుశిష్య పరంపరలో నిలుపుకున్నారు. 18వ శతాబ్దిలో ఢిల్లీ పండితుడు షా వలీయుల్లా (మరణం 1762) ఈ చీలికను కప్పిపుచ్చకుండా బాహ్య ఖిలాఫత్, ఆంతర ఖిలాఫత్ అని రెంటినీ వేరుచేసి చూపాడు. 1924 మార్చి 3న టర్కీ జాతీయ మహాసభ ఖలీఫా పదవినే రద్దు చేసిన తర్వాత, మొదటిది లేని లోకంలో రెండవదానికి చేయవలసిన పని ఏమిటన్న ప్రశ్న ప్రతి ముస్లిం సమాజం ముందుకూ వచ్చింది.

గజపతినగరంలో ఆ ప్రశ్నకు ఉండే రూపం హైదరాబాదులోనో లక్నోలోనో ఉండే రూపం కాదు. విజయనగరం నుంచి సాలూరు వైపు పోయే రహదారి మీది ఈ పట్టణం ఒకప్పటి శ్రీకాకుళం సర్కారులోనిది. కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు వరుసగా ఏలిన ఆ సర్కారును 1753లో సలాబత్ జంగ్ ఫ్రెంచివారికి అప్పగించగా, 1766 సంధితో అది ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది. ఇక్కడ ముస్లిం పాలన ముగిసి రెండున్నర శతాబ్దాలు దాటింది. ముస్లింలు జనాభాలో కొద్దిమంది. గద్దె ఎక్కగలమన్న ఆశ గాని, గద్దె పోయిందన్న బాధ గాని వారిలో కనిపించదు. అధికారం చేతిలో లేనివారు అధికారం గురించి మాట్లాడేటప్పుడు ఉండే నిదానమే ఈ సంవాదానికి బలం, కొంతవరకు బలహీనత కూడా.

ఇందులో మాట్లాడే ఇద్దరూ వ్యక్తులు కారు, రెండు వాదాలకు కల్పించిన రూపాలు. ఒకరు విజయనగరం బాబామెట్ట మీది ఖాదర్ వలీ దర్గాను ఆశ్రయించిన కుటుంబంలో పుట్టి, ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పి విరమించిన మాస్టారు. మరొకరు వయసులో ఆయనకన్నా చిన్నవారు, న్యాయవాది, మౌదూదీ రచనలనూ తెలుగులో వెలువడే గీటురాయి వారపత్రికనూ శ్రద్ధగా చదివేవారు. న్యాయవాది పెద్దాయనను మాస్టారనీ, పెద్దాయన న్యాయవాదిని వకీలుగారనీ పిలుస్తారు. ఇద్దరూ మీరు అనే మాట దాటరు.

వకీలు: మాస్టారూ, దీన్, అంటే ధర్మం, నమాజుతో మొదలై నమాజుతో ముగిసేది కాదు; అప్పు పత్రం ఎలా రాయాలో, వారసులకు ఆస్తి ఎలా పంచాలో చెప్పిన గ్రంథం, ఊరిని ఎవరు నడపాలన్న విషయంలో మౌనంగా ఉందనడం కుదరదు. ఖురాన్ నాల్గవ అధ్యాయంలో అమానతులను, అంటే నమ్మి అప్పగించిన బాధ్యతలను, అర్హులకే ఇవ్వాలన్న ఆదేశం 58వ వాక్యంలో ఉంది. దాని తర్వాతి వాక్యం అధికారంలో ఉన్నవారికి విధేయులు కమ్మని చెబుతూనే, వివాదం వస్తే దేవునివైపు, ప్రవక్తవైపు తిరగమంటుంది. పాలకుడితో ప్రజలకు వివాదం రావచ్చునని గ్రంథమే ఊహించిందన్నమాట. ఖిలాఫత్ స్వీకరించిన అబూబకర్ మొదటి ప్రసంగంలోనే దారి తప్పితే సరిదిద్దమని జనాన్ని కోరాడు. ఇంత స్పష్టమైన రాజనీతిని చేతిలో ఉంచుకుని, పాలన మాకెందుకు, జిక్ర్ చాలునని కూర్చోవడం బాధ్యత నుంచి తప్పుకోవడమే అవుతుంది.

జిక్ర్ అంటే దైవనామాన్ని పదేపదే స్మరించే సాధన. మాస్టారు దానిని సమర్థించడానికి పూనుకోకుండా ముందుగా తమ మండల చరిత్రను ఎత్తుకోవడం గమనించదగినది, ఎందుకంటే ఆయన వాదానికి బలమంతా సిద్ధాంతంలో కన్నా ఆ చరిత్రలోనే ఉంది.

మాస్టారు: వకీలుగారూ, మీరు చెప్పిన అబూబకర్ పాలన రెండేళ్ల పైచిలుకు. ఆ తర్వాత ఖిలాఫత్ ఎలా రాజరికంగా మారిందో ఇబ్న్ ఖల్దూన్ (మరణం 1406) వివరించాడు. మన ప్రాంతానికి ఖలీఫాలు రాలేదు, ఫౌజుదారులు వచ్చారు. ఫౌజుదారు అంటే సైన్యాన్ని నిలిపి శిస్తు వసూలు చేయించే అధికారి. వారిలో షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించాడు, సంతోషమే. అన్వరుద్దీన్ ఖాన్ ఇక్కడ ఫౌజుదారీ చేసి ఆ తర్వాత ఆర్కాటు నవాబయ్యాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట కూలినప్పుడు ఫ్రెంచి సేనాని బుస్సీ పక్కన నిలబడినవాడు ఆయన దివాను హైదర్ జంగ్. ఈ నేలలో ముస్లిం అధికారం అన్నది జనం నోట పాటగా మిగిలింది ఆ ఒక్క సందర్భంలోనే, అదీ మెచ్చుకోలుగా కాదు. ఒక్క గ్రామాన్నీ ఏలని ఖాదర్ వలీ కోసం మాత్రం అన్ని కులాలవారూ ఇప్పటికీ బాబామెట్ట ఎక్కుతున్నారు. ఆయన గురువు నాగపూర్ తాజుద్దీన్ బాబా (1861–1925) సైన్యంలో ఉద్యోగం వదులుకున్నవాడు, ఏళ్లకొద్దీ పిచ్చాసుపత్రిలో ఉంచబడినవాడు. చివరికి రఘూజీరావు భోంస్లే అనే హిందూ రాజు ఆయనను తన భవనానికి తెచ్చి సేవించాడు. ఎవరు ఎవరికి విధేయులయ్యారో చూడండి.

వకీలు: రాజు సేవించాడన్న మాటలోనే చిక్కు ఉంది. దర్గాలకు భూములు ఎవరిచ్చారు? నవాబులు, జమీందార్లు. ఇనాము పట్టా పుచ్చుకున్న చోట ఇనాము ఇచ్చినవాడి తప్పును ఎత్తి చూపడం కష్టం. కాబట్టి సూఫీలు రాజకీయం చేయలేదనడం కన్నా, రాజకీయానికి జవాబు చెప్పుకోనక్కరలేని చోట కూర్చున్నారనడం సబబు. మరో మాట. బైఅత్, అంటే చేతిలో చేయి వేసి చేసే విధేయతా ప్రమాణం, ఖలీఫాకూ ఉంది, పీరుకూ, అంటే సూఫీ గురువుకూ, ఉంది. ఖలీఫాకు చేసేది షరతులతో కూడినది; దైవాజ్ఞకు విరుద్ధమైన ఆజ్ఞ ఇస్తే దానికి విధేయత లేదు. పీరుకు చేసేదో? మురీదు, అంటే శిష్యుడు, గురువు చేతిలో స్నానం చేయించేవాడి చేతిలోని శవంలా ఉండాలని పాత సూఫీలే అన్నారు కదా. రాజకీయ నాయకత్వం గురించి ఇస్లాం చెప్పినది ఒప్పందానికి దగ్గరగా ఉంది, తరీఖత్ చెప్పినది దాసోహానికి దగ్గరగా ఉంది.

తరీఖత్ అనేది గురువు చూపిన సాధనా మార్గం. వకీలు వేసిన ఈ ప్రశ్న సూఫీ పక్షంవారు తరచు దాటవేసేది. దర్గాలను సామరస్యానికి చిహ్నాలుగా పొగిడే వ్యాసాలలో ఇది అసలే కనిపించదు. మాస్టారు దానిని దాటవేయలేదు.

మాస్టారు: ఆ శవం పోలిక నిజమే, ప్రమాదకరమైనదీ నిజమే. అయితే పీరు చేతిలో జైలు లేదు, ఖజానా లేదు. నచ్చని మురీదు లేచి ఇంటికి పోవచ్చు, మరో గురువును వెతుక్కోవచ్చు, అసలు గురువే వద్దనుకోవచ్చు. అంత లొంగుబాటును మనిషి అడగవచ్చునా అంటే, బలప్రయోగం చేతిలో లేనప్పుడు మాత్రమే అడగవచ్చు. మీ పక్షం చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. మీకు ఇష్టుడైన మౌదూదీ పూర్వీకుడు ఖ్వాజా మౌదూద్ చిష్తీ, అంటే ఆయనదీ సూఫీ వంశమే. ఆ పరంపరలోని ప్రేమను పక్కనపెట్టి, విధేయతను మాత్రం తీసుకుపోయి రాజ్యానికి అతికించాడు.

ఇక్కడ కొంత వివరణ అవసరం. సయ్యద్ అబుల్ ఆలా మౌదూదీ 1903లో నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో పుట్టి, 1930లలో హైదరాబాదు నుంచి తర్జుమానుల్ ఖురాన్ పత్రిక నడిపి, 1941లో లాహోరులో జమాఅతె ఇస్లామీని స్థాపించాడు. సార్వభౌమత్వం దేవునిదే, మనుషులు దానికి ప్రతినిధులు మాత్రమేనన్న హాకిమియ్యత్ సిద్ధాంతానికి ఆధునిక రూపం ఇచ్చినది ఆయనే. ఆ సంస్థలో కొంతకాలం ఉండి బయటికి వచ్చిన వహీదుద్దీన్ ఖాన్ 1963లోనూ, లక్నో పండితుడు అబుల్ హసన్ అలీ నద్వీ 1978లోనూ పుస్తకాలు రాసి ఆయనను విమర్శించారు. నద్వీ విమర్శ సారాంశం ఇది: దేవునికీ దాసునికీ మధ్య ఉన్న బంధాన్ని ప్రభువుకూ ప్రజకూ మధ్య ఉండే బంధంగా కుదిస్తే, ఆరాధన, ప్రేమ, వినయం అన్నవి రాజ్యస్థాపనకు పనిముట్లుగా దిగజారుతాయి. మాస్టారి మాట నద్వీ మాటకు దగ్గరిదే, కాకపోతే మరింత కటువైనది.

వకీలు: మౌదూదీ ఎక్కడి నుంచి ఆలోచించాడో కూడా చూడాలి. హైదరాబాదులో ముస్లిం ప్రభువు ఉన్నాడు, కొలువుంది, పదవీచ్యుతుడైన చివరి ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్ 1931లో ఆ కొలువుకే కోడలుగా వచ్చింది. అయినా అది ఇస్లామీయ పాలన కాదని ఆయనకు అనిపించింది. ముస్లిం ఏలుతున్నంత మాత్రాన ఇస్లాం ఏలుతున్నట్టు కాదన్న తేడాను గట్టిగా చెప్పినవాడు ఆయనే. మజ్లిస్ నాయకుడు బహదూర్ యార్ జంగ్ నిజాం రాజ్యపు సార్వభౌమత్వం అక్కడి ముస్లిం సమాజానిదే, నిజాం దానికి చిహ్నం మాత్రమే అన్నాడు. అది దీన్ కాదు, జాతి గర్వం. 1948 ఆగస్టులో రజాకార్లను విమర్శించిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హత్యకు గురయ్యాడు, ఆయనా ముస్లిమే. సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ రాజ్యం కూలింది. గర్వాన్ని దీన్ అనుకున్నందుకు చెల్లించిన మూల్యం అది, దీన్‌ను అనుసరించినందుకు కాదు.

మాస్టారు: ఆ రెంటినీ విడదీసే గీత కాగితం మీద బాగానే కనిపిస్తుంది, ఊరేగింపులో కనిపించదు.

తెలంగాణ అనుభవం ఇలా ఉండగా, ఇంగ్లీషువారి ఏలుబడిలోని కోస్తా జిల్లాల అనుభవం వేరు. ఇక్కడ ముస్లింలకు ప్రభువు లేడు, ఎన్నిక ఉంది. ఆ ఎన్నికలో నిలిచి గెలిచిన ఒక పీరు కథ ఈ సంవాదంలో ఇద్దరికీ సాక్ష్యమైంది. ఎవరికి ఎక్కువ ఉపయోగపడిందో తేల్చడం కష్టం. పిఠాపురంలోని శ్రీ విశ్వవిజ్ఞాన విద్యా ఆధ్యాత్మిక పీఠానికి అధిపతి అయిన ఉమర్ ఆలీషా (1885–1945) సూఫీ గురువు, అవధూతల ధోరణిలో వేదాంతం చెప్పగలవాడు, పారశీకం, సంస్కృతం తెలిసినవాడు, తెలుగులో పద్యకావ్యాలూ నాటకాలూ రాసి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీకం నుంచి నేరుగా తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. ఆయనే ఉత్తర మద్రాసు ముస్లిం నియోజకవర్గం నుంచి ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఎన్నికై 1935 నుంచి మరణించేవరకు సభ్యుడిగా ఉన్నాడు. ఆ సభ గడువు మళ్లీ మళ్లీ పొడిగించబడడం వల్ల మూడేళ్ల సభ్యత్వం పదేళ్లయింది.

వకీలు: మీ పక్షం కట్టిన గోడను మీ పక్షం మనిషే కూల్చాడు మాస్టారూ. పీఠంలో జిక్ర్, ఢిల్లీలో శాసనం, రెండూ ఒక్కరే చేశారు. ఆయన ఒక్కరే కాదు. ఫ్రెంచివారితో పదిహేనేళ్లు పోరాడిన అల్జీరియా అమీరు అబ్దుల్ ఖాదిర్ ఖాదిరీ మార్గంలోని సూఫీ, ఇటలీవారు 1931లో ఉరితీసిన లిబియా వృద్ధుడు ఉమర్ ముఖ్తార్ సనూసీ మార్గంలోని ఉపాధ్యాయుడు. సాధన లోతుగా ఉన్నవాడు జనం కష్టాన్ని చూసి ఊరుకోలేడు.

మాస్టారు: అబ్దుల్ ఖాదిర్ పేరు తలచారు, మంచిదే. ఆయన 1847లో ఓడిపోయాడు. లోకం ఆయనకు తలవంచింది మాత్రం 1860లో, రాజ్యం పోయి డమాస్కసులో ప్రవాసిగా ఉంటున్నప్పుడు, అల్లర్లలో వేలమంది క్రైస్తవులను కాపాడినందుకు. ఇక ఉమర్ ఆలీషా విషయం. ఆయన పీఠంలో కూర్చున్న శిష్యులు ఎవరు? ఎక్కువమంది హిందువులు, వారి ఇళ్లలో ఆయన సద్గురువు. ఆయనకు ఓటు వేయడానికి చట్టం అనుమతించినది ఎవరిని? ముస్లింలను మాత్రమే, అదీ ఆస్తి ఉన్నవారిని. రాత్రి ఆయన మాట విని కన్నీరు పెట్టుకున్న కాపు రైతుకు పొద్దున ఆయనను ఎన్నుకునే హక్కు లేదు. గురువుగా ఆయన అందరివాడు, నాయకుడిగా కొందరివాడు. పీరు రాజకీయంలోకి వెళ్తే రాజకీయం పెద్దదవుతుందని మీరంటున్నారు. అక్కడ జరిగింది పీరును చిన్నవాణ్ణి చేయడం.

సంవాదం మొత్తంలో మరువకూడనిది ఈ మాట. ప్రత్యేక నియోజకవర్గాలు 1909 సంస్కరణలతో వచ్చినవి, 1916లో లక్నోలో కాంగ్రెసు కూడా ఒప్పుకున్నవి. వాటి ఉద్దేశం అల్పసంఖ్యాకులకు రక్షణ. అయినా నాయకుడిని ఒక మతస్థుల లెక్కలోకి కుదించే గుణం ఆ ఏర్పాటులోనే ఉంది, దానికి కారణం ఇస్లాం కాదు, జనగణన పట్టికలను చూసి పాలించిన ప్రభుత్వం. మాస్టారు దీనిని రాజకీయానికి సహజమైన దోషంగా చూపడం కొంత అతిశయమే. ఆ తప్పు ఒక చట్టానిది, చట్టాన్ని మార్చారు కూడా.

వకీలు సరిగ్గా ఆ చోటనే పట్టుకున్నారు.

వకీలు: మార్చినది ఎవరో కూడా చెప్పుకోవాలి. 1947 ఆగస్టులో రాజ్యాంగ సభలో మద్రాసు సభ్యుడు పోకర్ సాహెబ్ ప్రత్యేక నియోజకవర్గాలు కొనసాగాలని సవరణ తెస్తే ఓడిపోయింది. అదే సభలో బేగం ఐజాజ్ రసూల్ మతం ప్రాతిపదికన స్థానాలు కేటాయించడాన్నే తీవ్రంగా వ్యతిరేకించారు. అల్పసంఖ్యాకులను అధికసంఖ్యాకుల నుంచి ఎప్పటికీ వేరుచేసే ఆయుధం అదని ఆమె అభిప్రాయం. 1950 నుంచి గజపతినగరంలో ఎవరు నిలబడినా అందరి గడపా తొక్కాలి. ముస్లిం అభ్యర్థి ఉన్నాడనుకోండి, వెలమల వీధికీ పోవాలి, దళితవాడకూ పోవాలి, వాళ్ల నీటి సమస్య వినాలి. మీ దర్గా ముందు ఉర్సు నాడు ఎవరు నిలబడతారో, పోలింగు కేంద్రం ముందూ వాళ్లే నిలబడుతున్నారు. అంటే పీరుకు ఉన్న గుంపూ నాయకుడికి ఉన్న గుంపూ ఒకటయ్యాయి. రాజకీయం మీ మార్గం నుంచే నేర్చుకుంది, ఇప్పుడు మీరు దాన్ని మైలగా చూడడమేమిటి?

మాస్టారు: మీ జమాఅత్‌వారే దశాబ్దాలపాటు తమ సభ్యులను ఓటు వేయనివ్వలేదు కదా, దేవుని సార్వభౌమత్వానికి విరుద్ధమని.

వకీలు: వేయనివ్వలేదు, నిజమే. తర్వాత సడలించారు, ఆ తర్వాత ఎత్తేశారు. అనుభవం సిద్ధాంతాన్ని దిద్దడం సిగ్గుపడవలసిన విషయం కాదు. ట్యునీషియాలో గన్నూషీ పార్టీ అన్నహ్దా 2016లో మతప్రచారాన్ని, పార్టీ రాజకీయాన్ని వేరు చేస్తున్నామని ప్రకటించింది. ఆ పని 1925లోనే చేయమన్నవాడు ఈజిప్టు పండితుడు అలీ అబ్దుల్ రాజిక్. ఖిలాఫత్‌కు ఖురాన్‌లో ఆధారం లేదని, ప్రవక్త బోధకుడే గాని రాజు కాడని రాసినందుకు అజ్హర్ పండితులు ఆయన పట్టాను రద్దు చేశారు. అంత దూరం పోనవసరం లేదు. ఇక్బాల్ చూపిన దారి ఉంది. 1929 జనవరిలో మద్రాసులోనూ హైదరాబాదులోనూ ఆయన చేసిన ఉపన్యాసాలు మరుసటి సంవత్సరం పుస్తకంగా వచ్చాయి. ఖిలాఫత్ ఒక వ్యక్తిలో కాక ఎన్నికైన సభలో ఉండవచ్చునన్న టర్కీవారి తీర్పు సరైన ఇజ్తిహాద్, అంటే మూలసూత్రాల నుంచి కొత్త సమస్యకు స్వయంగా ఆలోచించి తీసిన పరిష్కారం, అని అందులో ఆయన ఒప్పుకున్నాడు. ఒక మనిషి పవిత్రత మీద ఆధారపడనక్కరలేని ఏర్పాటు అది.

మాస్టారు: అక్కడే మన దారులు కలుస్తాయి, వకీలుగారూ, ఎందుకంటే ఒక మనిషి పవిత్రత మీద రాజ్యాన్ని నిలిపితే ఏమవుతుందో ఇరాన్ చూపింది. ఖుమైనీ మొదట ఇర్ఫాన్, అంటే షియా మార్మిక జ్ఞానం, బోధించిన గురువు. 1989 జనవరిలో గోర్బచేవుకు రాసిన ఉత్తరంలో కూడా ఇబ్న్ అరబీని చదివించమన్నాడు. 1970లో నజఫ్‌లో ఆయన చేసిన ఉపన్యాసాల నుంచి విలాయతె ఫఖీహ్ వచ్చింది. కనిపించకుండా పోయిన ఇమాము తిరిగి వచ్చేవరకు ధర్మశాస్త్రజ్ఞుడే పాలకుడన్నది దాని సారం. 1979 తర్వాత అదే రాజ్యాంగమైంది. ఇందాక మీరు గుర్తుచేసిన శవంలాంటి లొంగుబాటు, పీరు చేతిలో లేవని నేనన్న జైలూ ఖజానా, అన్నీ ఒక చేతిలోకి వచ్చాయి. అదే నజఫ్‌లోని ఖూయీ అంత విస్తారమైన అధికారాన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆయన శిష్యుడు సిస్తానీ పదవిలో కూర్చోకుండానే ఇరాక్‌లో ఎన్నికలు జరగాలని పట్టుపట్టాడు. అధికారం లేని పెద్దరికానికి పని లేదనుకోవద్దు.

ఇరాన్ విషయంలో వకీలు ఎదురు చెప్పలేదు. అయితే రాజకీయానికి దూరంగా ఉంటే నాయకత్వపు చిక్కులు తప్పుతాయన్న భావనకు ఆయన తబ్లీగీ జమాఅత్‌ను సమాధానంగా తెచ్చారు. 1920లలో మేవాత్‌లో మౌలానా ఇల్యాస్ ప్రారంభించిన ఆ ఉద్యమం ఎన్నికల జోలికి పోదు, నమాజు, ప్రవర్తన, ఊరూరా తిరగడం తప్ప మరేమీ బోధించదు. అయినా ఏకైక అమీరు, అంటే అధినాయకుడు, ఉండాలా, షూరా, అంటే సంప్రదింపుల మండలి, నడపాలా అన్న దానిపై 2015 తర్వాత రెండుగా చీలి, ఇజ్తెమాలను, అనగా మహాసమావేశాలను, చాలా చోట్ల వేర్వేరుగా జరుపుకుంటోంది. పదవి లేనిచోట కూడా పదవి తగాదా ఉంటుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. మాస్టారు కూడా దీనికి తల ఊపారేగాని జవాబివ్వలేదు.

ఇంతసేపూ ఇద్దరూ వల్లించిన పేర్లలో దుర్రుషెహ్వార్, బేగం ఐజాజ్ రసూల్ తప్ప స్త్రీలు లేరు, వారిలోనూ ఒకరు కొలువు కోడలుగా, మరొకరు నియోజకవర్గాల సాక్షిగానే వచ్చారు. 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో చేరిన మాసూమా బేగం ఏ పీఠానికీ అధిపతి కాగలిగేది కాదు, ఏ మసీదులోనూ ఇమాముగా నమాజు చేయించగలిగేది కాదు, అయినా ఓటుతో గెలిచి రాష్ట్రాన్ని పాలించినవారిలో ఒకరైంది. ఈ ఒక్క విషయంలో శాసనసభ తరీఖత్ కన్నా, ధర్మశాస్త్రం కన్నా విశాలంగా ఉంది, ఆ సంగతి ఇరువురి వాదంలోనూ లోటుగానే మిగిలింది.

ఆ తర్వాత చర్చ ఢిల్లీ నుంచి, నజఫ్ నుంచి దిగివచ్చి ఊరి మసీదు మెట్ల దగ్గర ఆగింది. నాయకత్వం అన్నది గజపతినగరం ముస్లింకు రోజూ ఎదురయ్యే రూపం అదే: నమాజు చేయించే ఇమాము, వక్ఫ్ ఆస్తిని, అంటే దైవకార్యానికి శాశ్వతంగా అంకితం చేసిన ఆస్తిని, చూసే ముతవల్లీ, దర్గా గద్దె మీద కూర్చునే సజ్జాదా నషీన్.

వకీలు: జనానికి ఇష్టం లేని ఇమాము నమాజు చేయించకూడదని ప్రవక్త సంప్రదాయం చెబుతోంది. అంటే ముందు నిలబడేవాడికి వెనక నిలబడినవారి సమ్మతి కావాలి. ముతవల్లీ 1995 వక్ఫ్ చట్టం ప్రకారం ఏటా బోర్డుకు లెక్కలు సమర్పించాలి. 2025 సవరణ మీద ఉన్న వివాదం వేరు, బోర్డులో ఎవరుండాలన్నది సుప్రీంకోర్టు ముందుకు పోయిన విషయం. లెక్క చెప్పాలన్నది మాత్రం కొత్త చట్టం పెట్టినది కాదు, అమానత్ అన్న భావనలోనే ఉంది. బోర్డుకు పంపే ఆ కాగితాన్నే జుమా నమాజు తర్వాత తెలుగులో చదివి వినిపిస్తే చాలు, అబూబకర్ కోరిన దిద్దుబాటు మన ఊళ్లో మొదలైనట్టే. ఉత్తరాంధ్రలో పుట్టిన చిలుకూరి నారాయణరావు ఖురాన్‌నే తెలుగులోకి తెచ్చి తొంభై ఏళ్లు దాటింది. జమాఖర్చులు తెలుగులో వినడానికి అభ్యంతరం ఏముంటుంది?

మాస్టారు: మసీదుకు సంబంధించినంత వరకు ఏ అభ్యంతరమూ లేదు. అద్దెలెన్ని వచ్చాయి, ఎంత ఖర్చయింది, చదవండి. తప్పుంటే ముతవల్లీని మార్చండి.

వకీలు: దర్గాకు?

మాస్టారు: హుండీ లెక్క చదవవచ్చు. గద్దె లెక్క వేరు. సజ్జాదా నషీన్ ఎవరన్నది గురువు నిర్ణయం, వంశం నిర్ణయం. దానికి చేతులెత్తించి ఓటు పెట్టడం కుదరదు.

వకీలు: హుండీలో వేసేది జనం, ఆ హుండీ ముందు కూర్చునే మనిషిని ఎంచుకోవడంలో మాత్రం జనం లేరా? గురువు ఎంచితే సరే. గురువు చెప్పకుండా పోతే, ఇద్దరు కొడుకులు మాదంటే మాదని కోర్టుకు వస్తే, తీర్పు చెప్పేది మళ్లీ ఈ రాజ్యమే కదా, మీరు దూరంగా ఉంచమన్న రాజ్యమే.

మాస్టారు: అప్పుడు కోర్టు చెప్పేది ఆస్తి ఎవరిదన్నది. ఎవరి చేతిలో చేయి వేయాలన్నది మురీదు చెప్పుకుంటాడు; కోర్టు నెగ్గించినవాడి దగ్గరికి పోకుండా ఓడినవాడి గుడిసె ముందు కూర్చున్న మురీదులు లేకపోలేదు.

వకీలు: అదీ ఓటే, మాస్టారూ.

మాస్టారు: కావచ్చు. లెక్కపెట్టనిది.

దీని మీద ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరలేదు. లెక్కపెట్టని సమ్మతి సమ్మతి కాదని వకీలు వాదం; లెక్కపెట్టగలిగినంత మాత్రాన అది సమ్మతి అయిపోదని మాస్టారి వాదం.